డిజిటల్ ప్యానెల్‌తో పాఠం చెప్పడం ఎలా? ముందురోజు తయారీ నుంచి వారం తర్వాత వేసే ప్రశ్న దాకా

తిరుపతి, చిత్తూరు వైపు బడుల్లో తోటి టీచర్లు కలిసినప్పుడల్లా, తరగతిలో పెట్టిన డిజిటల్ ప్యానెల్ (వేలితో తాకి నడిపే పెద్ద తెర) గురించి నన్ను అడిగే మాట ఒకటే. "ప్యానెల్ వచ్చింది, వాడుతున్నాం. పిల్లలు కళ్ళప్పగించి చూస్తున్నారు. మర్నాడు అడిగితే మాత్రం ఒక్కరూ నోరు విప్పరు. ఎక్కడ తేడా కొడుతోంది?"

నేను చూసిన తరగతుల్లో చాలావరకు తేడా వరసలోనే ఉంది. తెర ముందు వస్తోంది, ప్రశ్న చివర వస్తోంది. దాన్ని తిరగేయాలి. ప్రతి పిల్లా పిల్లవాడూ తమ ఊహని పలక మీద రాసి పైకెత్తాకే తెర వెలగాలి. కింద రాసినదంతా ఈ ఒక్క మార్పు చుట్టూనే తిరుగుతుంది.

ఉదాహరణకి పదో తరగతి 'విద్యుత్' పాఠంలోంచి ఒక్క పీరియడ్ తీసుకున్నాను. బల్బులని శ్రేణిలో (ఒకదాని తర్వాత ఒకటిగా), సమాంతరంగా (ఒక్కోదాన్ని విడిగా బ్యాటరీకి) కలిపితే ఏమవుతుందన్నది అంశం. మీరు చెప్పేది లెక్కలైనా సోషల్ అయినా ఇదే వరస పనికొస్తుంది.

## 1. తెర కావాలా వద్దా, ముందు తేల్చుకోండి

నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

- చూపించాల్సింది కంటికి ఆననంత చిన్నదా?
- గదిలో పట్టనంత పెద్దదా?
- చూసేలోపే అయిపోయేదా, లేక ఏళ్ళ తరబడి జరిగేదా?
- దగ్గరికి వెళ్తే ప్రమాదమా?

ఒక్కదానికి అవును అని వచ్చినా తెర పెట్టండి. తీగలో ఎలక్ట్రాన్ల కదలిక, గుండె కవాటాలు, శ్రీహరికోట నుంచి లేచిన రాకెట్‌లో మొదటి దశ విడిపోవడం లాంటివి తెర మీదే చూడాలి.

అన్నిటికీ కాదు అని వస్తే వస్తువునే తెప్పించండి. మందార పువ్వు భాగాలకి వీడియో వద్దు. పిల్లలు ఇంటి నుంచి తెస్తారు. బ్లేడుతో నిలువునా కోసి, అండాశయంలో వరసగా ఉన్న తెల్లటి అండాలని గుండుసూదితో కదిపి చూడనివ్వండి.

కొన్నిటికి రెండూ కావాలి. తిరుమల కొండ మీది శిలాతోరణాన్ని మన పిల్లల్లో చాలామంది కళ్ళారా చూసే ఉంటారు. ఆ రాయి అరిగి అలా తయారవడానికి పట్టిన కాలాన్ని మాత్రం యానిమేషన్‌లోనే చూపించగలం.

తిరుపతిలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్ళే వీలున్న బడులు, పాఠం అయ్యాక వెళ్ళడం మేలని నా అభిప్రాయం. చేతిలో ప్రశ్న ఉన్న పిల్లలు ఒక్కో నమూనా దగ్గర ఆగుతారు. లేకపోతే ఫోటోలు దిగి బస్సెక్కేస్తారు.

## 2. ముందురోజు తయారీ

సామగ్రి ఎక్కడ దొరుకుతుంది? పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ని దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు వస్తాయి. సైన్సు సిమ్యులేషన్లకి (తెర మీదే మార్చి చూసే ప్రయోగ నమూనాలకి) అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వారి 'ఫెట్' ఉంది. రేఖాగణితానికి జియోజీబ్రా, ఆకాశానికి స్టెల్లేరియం వాడుకోవచ్చు. ఇవన్నీ ఉచితంగానే దొరుకుతాయి.

నెట్ మీద ఆధారపడకండి. ఫెట్ సిమ్యులేషన్‌ని డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ లేకపోయినా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. కొన్ని ప్యానెళ్ళలో ఆ ఫైలు నేరుగా తెరుచుకోదు. అప్పుడు ల్యాప్‌టాప్‌లో తెరిచి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలపాలి. ఈ సంగతి నలభై మంది పిల్లల ముందు తెలిస్తే ఆ పీరియడ్ పోయినట్టే. కాబట్టి ముందురోజే, అదే గదిలో, అదే ప్యానెల్ మీద ఒక్కసారి తెరిచి చూడండి.

పెద్ద వీడియో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కకపోతే డ్రైవ్ పాడైందని అనుకోకండి. ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైలుని తీసుకోదు. తరగతికి అంత వీడియో అవసరం రాదు కూడా. కావలసిన 3 నిమిషాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో కాగితం మీద రాసుకోండి.

చివరి బెంచీలో కూర్చోండి. రేపు పాఠం మూడో పీరియడ్ అయితే ఈరోజు మూడో పీరియడ్ వేళకే వెళ్ళి చూడండి. పొద్దున స్పష్టంగా కనపడిన తెర, ఎండ కిటికీలోంచి నేరుగా పడే వేళకి అద్దంలా మెరుస్తుంది. అప్పుడు కిటికీ రెక్క మూయాలా, బెంచీలు కొంచెం తిప్పాలా అన్నది అక్కడే తేలిపోతుంది.

బల్బుల విషయంలో జాగ్రత్త. ఇప్పుడు షాపులో టార్చి బల్బు అడిగితే ఎల్‌ఈడీ చేతిలో పెడతారు. ఈ పాఠానికి అది పనికిరాదు. తెల్ల ఎల్‌ఈడీ ఒక్కటి వెలగడానికే సుమారు 3 వోల్టులు కావాలి. రెండిటిని శ్రేణిలో కలిపి రెండు సెల్లులు పెడితే రెండూ వెలగవు. పైగా ప్లస్, మైనస్ తిరగబడితే అసలు వెలగదు. లోపల సన్నటి తీగ ఉన్న పాతరకం 2.5 వోల్టుల బల్బులే అడిగి తీసుకోండి.

ముందురోజు చూసుకోవలసినవి:

- [ ] సిమ్యులేషన్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ల్యాప్‌టాప్‌లో ఒకటి
- [ ] 1.5 వోల్టుల సెల్లులు 2, ఒకే రకం తీగ బల్బులు 4 (రెండు ఎక్స్‌ట్రా), హోల్డర్లు, తీగలు, స్విచ్
- [ ] చివరి బెంచీ నుంచి తెర చూశాను
- [ ] అడగబోయే ప్రశ్న, నాలుగు జవాబులు కాగితం మీద రాసుకున్నాను
- [ ] పలకలు, బలపాలు. లేకపోతే పాత నోటుపుస్తకం అట్టలు, చాక్‌పీసులు
- [ ] కరెంటు పోతే ఏం చేయాలో అనుకున్నాను

## 3. ఒక్క ప్రశ్న కోసం కూర్చోండి

తయారీలో ఎక్కువ సమయం దీనికే పెట్టండి. వీడియో వెతకడానికి గంట, ప్రశ్నకి రెండు నిమిషాలు ఇవ్వడం మనందరికీ అలవాటైపోయింది.

"శ్రేణి సంధానం అంటే ఏమి?" అని అడిగితే పుస్తకంలో వాక్యం అప్పజెప్తారు. అర్థమైందో లేదో మనకి తెలియదు. తప్పు జవాబు కూడా సబబుగానే ఉందే అని పిల్లలకి అనిపించాలి. నేను వాడే ప్రశ్న ఇది:

*ఒకే రకం బల్బులు రెండిటిని ఒకదాని తర్వాత ఒకటిగా బ్యాటరీకి కలిపాం. ఏది ఎక్కువ వెలుగుతుంది?*
*ఎ) బ్యాటరీ ప్లస్ వైపు ఉన్నది*
*బి) మైనస్ వైపు ఉన్నది*
*సి) రెండూ సమానంగా*
*డి) రెండూ వెలగవు*

నా తరగతుల్లో ఎక్కువమంది 'ఎ' రాస్తారు. ఎందుకని అడిగితే, "ఫస్టు బల్బే కరెంటంతా తాగేస్తాది కదా సార్" అంటారు.

దీన్ని వెంటనే కొట్టిపారేయకండి. వాళ్ళ వీధిలో కుళాయి లైను చూడండి. మొదటింటివాళ్ళు మోటరు పెడితే చివరింటికి చుక్క రాదు. పిల్లవాడు రోజూ చూస్తున్నదాన్నే తీగకి అన్వయిస్తున్నాడు. ఆ ఊహ ఎక్కడ పుట్టిందో తెలిస్తేనే దాన్ని ఎలా కదపాలో తెలుస్తుంది.

తప్పు జవాబులు ఎక్కడ దొరుకుతాయని అడుగుతుంటారు. పోయినేడాది పరీక్ష పేపర్లలోనే ఉంటాయి. దిద్దేటప్పుడు ఎక్కువమంది చేసిన తప్పుల్ని ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. వచ్చే ఏడాది ప్రశ్నలు అక్కడి నుంచే వస్తాయి.

## 4. పీరియడ్ వరస (45 నిమిషాలు)

### 4.1 తెర ఆర్పేసి ఉంచండి (5 నిమిషాలు)

నల్లబల్ల మీద చాక్‌పీసుతో వలయం గీయండి. ప్రశ్న రాసి రెండుసార్లు చదవండి. ప్యానెల్ వెలుగుతూ ఉంటే, అందులో ఏమీ లేకపోయినా కళ్ళు అటే పోతాయి.

### 4.2 మాట్లాడకుండా రాయడం (3 నిమిషాలు)

అక్షరం ఒక్కటే రాయాలి, పక్కవాళ్ళ పలక చూడకూడదు. రాశాక "ఒకటి, రెండు, మూడు" అనగానే అందరూ ఒకేసారి ఎత్తాలి. ఒక్కొక్కరే ఎత్తితే మొదటి బెంచీ జవాబునే చివరి బెంచీదాకా అందరూ రాస్తారు.

పదో తరగతి పిల్లలు పలక అంటే మొదట సిగ్గుపడతారు. రెండోసారికి అలవాటు పడతారు.

ప్రశ్న వేశాక ఆగండి. మనం టీచర్లం మామూలుగా ఒక సెకను కూడా ఆగకుండానే ఇంకొకర్ని అడిగేస్తాం, లేదా మనమే చెప్పేస్తాం. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లోనే దీన్ని కొలిచి చూశారు. 3 సెకన్లు ఆగినా చాలు, జవాబులు పెద్దవవుతాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్ళు మాట్లాడతారు. మనసులో మూడు లెక్కపెట్టుకోండి. మొదట్లో ఆ నిశ్శబ్దం టెన్షన్ పెడుతుంది, భరించండి.

### 4.3 పక్కవాళ్ళతో వాదన (4 నిమిషాలు)

వేరే అక్షరం రాసినవాళ్ళ పక్కకి జరిగి, ఎందుకు రాశారో చెప్పుకోమనండి (వాదన ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు వద్దో 5లో ఉంది). మీరు బెంచీల మధ్య తిరుగుతూ వినండి, సరిదిద్దకండి.

### 4.4 ముందు అసలు బల్బులు (8 నిమిషాలు)

చాలామంది దీన్ని దాటేసి నేరుగా సిమ్యులేషన్‌కి వెళ్తారు. అలా చేస్తే పిల్లలకి అది కంప్యూటర్లో జరిగే సంగతిగానే మిగిలిపోతుంది. బల్ల మీద ముందు నిజం బల్బు వెలగాలి.

ఒకసారి నా తరగతిలో ఇలా జరిగింది. రెండు బల్బులు శ్రేణిలో కలిపి స్విచ్ వేశాను. మొదటిది మామూలుగా, రెండోది కొంచెం మసకగా వెలిగింది. వెనక బెంచీలు లేచి నిలబడ్డాయి. "చూడండి సార్, చెప్పామా లేదా!" నాకు చెమటలు పట్టాయి. ఒకే డబ్బాలోంచి తీసిన బల్బులే, కానీ తీగ నిరోధంలో (కరెంటుని అడ్డుకునే గుణంలో) కాస్త తేడా ఉన్నట్టుంది.

ఏం చెప్పాలా అని నేను తడుముకుంటుంటే రెండో బెంచీలోంచి ఒకమ్మాయి, "సార్, బల్బులు అటుదిటు మార్చి చూడండి" అంది. మార్చాను. మసక బల్బు ఇప్పుడు మొదటి చోటుకి వచ్చింది, అక్కడా మసకగానే వెలిగింది. గది ఒక్కసారిగా సద్దుమణిగింది. కాసేపటికి ఆ వెనక బెంచీ నుంచే వినిపించింది, "చోటు వల్ల కాదు సార్, తేడా బల్బులోనే ఉండాది."

అప్పటినుంచి బల్బులు మార్చి చూడడం నా పాఠంలో తప్పనిసరి మెట్టయింది. వెలుగు సమానంగా ఉన్నా మారుస్తాను, మార్చే ముందు ఏమవుతుందో ఊహించమంటాను. మీరూ చేయండి.

### 4.5 ఇప్పుడు తెర (10 నిమిషాలు)

ఫెట్‌లో సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్ తెరవండి. ముందే కట్టి పెట్టిన వలయం చూపించకండి. వాళ్ళ ముందే ఒక్కో ముక్కా పెట్టండి, లేదా ఒకరిని పిలిచి పెట్టించండి.

1. బ్యాటరీ 9 వోల్టులు, బల్బు నిరోధం 10 ఓమ్‌లు ఉంచి ఒక బల్బు కలపండి. కరెంటుని కొలిచే అమ్మీటర్ ఎంత చూపిస్తుందో, వోల్టులని ఓమ్‌లతో భాగించి లెక్క కట్టమనండి. కట్టాకే చూపించండి: 0.90 ఆంపియర్లు.
2. రెండో బల్బు శ్రేణిలో చేర్చే ముందు ఆపండి. పెరుగుతుందా, తగ్గుతుందా? పలకలు. తర్వాత చూపించండి: 0.45.
3. అసలు మెట్టు ఇదే. అమ్మీటర్‌ని మొదటి బల్బుకి ముందు, రెండిటి మధ్య, రెండో బల్బు తర్వాత పెట్టి చూడండి. మూడు చోట్లా 0.45 వస్తుంది. కరెంటుని ఏ బల్బూ 'తాగేయలేదు'. బల్బులో వెలుగుగా, వేడిగా మారింది శక్తి. ప్రవాహం మాత్రం అంతటా ఒకటే.

ఇక్కడ రెండు చోట్ల పిల్లలు తికమక పడతారు, ముందే చెప్పేయండి. సిమ్యులేషన్‌లో ఎలక్ట్రాన్లు బ్యాటరీ మైనస్ వైపు నుంచి బయల్దేరతాయి, పుస్తకంలో బాణం ప్లస్ వైపు నుంచి ఉంటుంది. సంప్రదాయ ప్రవాహం (పుస్తకంలో బాణం చూపించే దిశ) చూపించే బటన్ పక్కనే ఉంది, నొక్కి రెండూ చూపించండి. రెండోది వేగం. తెర మీద చుక్కలు చకచకా కదులుతాయి. మన మామూలు రాగి తీగలో ఎలక్ట్రాన్లు సెకనుకి ఒక మిల్లీమీటరు కూడా ముందుకి జరగవు. "మరి స్విచ్ వేయంగానే లైటు ఎట్లా వెలుగుతాది సార్?" అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నని నల్లబల్ల మూల రాసి ఉంచండి. రేపటి పీరియడ్ దానితో మొదలవుతుంది.

### 4.6 జాతర లైట్లు, ఇంట్లో లైట్లు (6 నిమిషాలు)

తిరుపతి పిల్లలకి గంగమ్మ జాతర లైట్లు బాగా తెలుసు. సీరియల్ సెట్లో ఒక బల్బు పోతే ఆ వరసంతా ఎందుకు ఆరిపోతుంది? ఇంట్లో ఫ్యాను ఆపితే ట్యూబ్‌లైటు ఎందుకు ఆరదు?

ముందు ఊహ. తర్వాత సిమ్యులేషన్‌లో అవే రెండు బల్బులు సమాంతరంగా కలిపి చూపించండి. ఒక్కో బల్బులో 0.90, బ్యాటరీ నుంచి వచ్చేది 1.80. ఒక బల్బు తీగ తీసేసినా రెండోది వెలుగుతూనే ఉంటుంది.

### 4.7 తెర ఆర్పి, నోట్సు (7 నిమిషాలు)

ప్యానెల్ మీది వాక్యాలు ఎక్కించుకోవడం వద్దు. పుస్తకం మూసి, రెండు వలయాలూ గీసి, ఒక్కోదాని కింద సొంత మాటల్లో రెండు వాక్యాలు రాయమనండి. తప్పులుంటాయి. ఉండనివ్వండి, రేపు దిద్దుకుంటారు.

## 5. పలకలు చూశాక ఏం చేయాలి?

హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ తన తరగతుల్లో వాడిన లెక్క మన గదుల్లోనూ పనిచేస్తుంది.

- సరైన జవాబు రాసినవాళ్ళు 30 శాతం లోపు: వాదనకి వదలకండి. మీరే ఇంకో రకంగా చెప్పి మళ్ళీ అడగండి.
- 30 నుంచి 70 శాతం: పక్కవాళ్ళతో మాట్లాడించండి. వాదనలో సరైన వైపుకి వచ్చేది ఇక్కడే.
- 70 శాతం దాటితే: కొద్దిమాటల్లో చెప్పి ముందుకి పదండి. మిగిలినవాళ్ళ పేర్లు రాసుకోండి.

నలభై పలకలు లెక్కపెట్టనక్కర్లేదు. సరైన జవాబు 'సి' రాసినవాళ్ళు సగం ఉన్నారా, పావు వంతు ఉన్నారా అని కంటికే తెలుస్తుంది.

## 6. భాష సంగతి

ఇంగ్లిష్ వీడియో పెట్టి వదిలేస్తే సగం తరగతి బొమ్మలు మాత్రమే చూస్తుంది. శబ్దం ఆపేసి మీరే చెప్పండి. ఎక్కడ ఆపాలో, ఎక్కడ వెనక్కి తిప్పాలో పిల్లల ముఖాలు చూసే మనిషికే తెలుస్తుంది.

ద్విభాషా పాఠ్యపుస్తకం ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. 'శ్రేణి సంధానం' పక్కన 'సిరీస్' అని నల్లబల్ల మీద జంటగా రాసి పీరియడ్ అంతా చెరపకండి. నగరి, కుప్పం వైపు బడుల్లో కొందరు పిల్లలు ఇంట్లో తమిళం మాట్లాడతారు. వాదన ఏ భాషలో జరిగినా ఫరవాలేదు, నోట్సులో మాత్రం పుస్తకంలోని మాట రావాలి.

## 7. తరచుగా జరిగే తప్పులు

వీడియో మొదటి నుంచి చివరిదాకా వేయడం. ప్రతి 2 నిమిషాలకి ఆపి "ఇప్పుడేమవుతుంది?" అని అడగండి. ఆపే చోటు మీకు ముందే తెలిసి ఉండాలి.

అదే ఐదుగురు ప్యానెల్ దగ్గరికి రావడం. ముందు బెంచీ పిల్లలకే వేళ్ళు అలవాటవుతాయి. అందరి రోల్ నంబర్లూ చీటీల మీద రాసి డబ్బాలో వేసి తీయండి. ఆడపిల్లలు వెనక నిలబడిపోతున్నారా అని ప్రత్యేకంగా గమనించండి.

నల్లబల్లని వదిలేయడం. తెర మీద బొమ్మ మారగానే పాతది పోతుంది. ప్రశ్న, ముఖ్యమైన మాటలు, అంకెలు చివరిదాకా కనపడాలంటే చాక్‌పీసే దారి. చాక్ పొడి ప్యానెల్ మీద పడకుండా బల్ల తడి బట్టతో తుడవండి. ప్యానెల్‌ని ఆర్పేసి మెత్తటి పొడి బట్టతో తుడవండి.

అక్షరాలు చిన్నగా పెట్టడం. ఒక తెర మీద ఐదు లైన్లు మించితే చివరి బెంచీ చదవడం మానేస్తుంది.

తెర మీద ఉన్నదాన్నే చదివి వినిపించడం. పిల్లలు చదవాలా, వినాలా? రెండూ కుదరవు. బొమ్మ ఉంచండి, మాట మీరు చెప్పండి.

## 8. కరెంటు పోతే

పాఠం ఆగకూడదు. 4.1 నుంచి 4.4 వరకు తెర అక్కర్లేదని గమనించే ఉంటారు. 4.5కి బదులుగా పది మంది పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టి, పొడుగాటి తాడు రెండు కొసలూ ముడేసి అందరి అరచేతుల్లోంచి పోనివ్వండి. ఒకరు బ్యాటరీ, వాళ్ళు తాడు లాగుతారు. ఇద్దరు బల్బులు, వాళ్ళు కాస్త గట్టిగా పట్టుకుంటారు. తాడు అన్నిచోట్లా ఒకే వేగంతో కదులుతుంది, బల్బుల చేతులే వేడెక్కుతాయి. ఎక్కడా తాడు తగ్గిపోలేదని వాళ్ళకే తెలుస్తుంది. తాడు నునుపైనదై ఉండాలి, కొబ్బరి తాడు చేతులు కోస్తుంది.

నిజం చెప్పాలంటే, కరెంటు ఉన్న రోజు కూడా నేను ఈ తాడు ఆట వదలను.

## 9. మర్నాడు, వారం తర్వాత

మర్నాడు పీరియడ్ మొదట్లో పుస్తకాలు మూయించి రెండు ప్రశ్నలు. వారం తర్వాత ఒకటి. మార్కులు వేయకండి.

పాఠం మళ్ళీ చదివించడం కంటే గుర్తు తెచ్చుకోమనడం మేలు. రోడిగర్, కార్పికి అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత చూస్తే, చూడకుండా రాసి తమని తాము పరీక్షించుకున్నవాళ్ళు ముందుకొచ్చారు. ప్యానెల్ పాఠం అయిన వెంటనే "అర్థమైంది సార్" అనే మాటని నమ్మి ఆగిపోకూడదని ఇక్కడే తెలుస్తోంది.

వారం తర్వాత నేను అడిగేది: *శ్రేణిలో ఉన్న రెండు బల్బులకి మూడోది అలాగే కలిపితే మొదటి బల్బు వెలుగు ఏమవుతుంది? ఎందుకు?*

'ఎందుకు' కూడా సరిగ్గా రాసినవాళ్ళు ఎంతమందో నోటుబుక్కులో తేదీతో సహా రాసుకోండి. సగం కంటే తక్కువ ఉంటే ప్యానెల్ మళ్ళీ వెలిగించకండి. 4.4 దగ్గరికి, ఆ సెల్లులూ రెండు బల్బుల దగ్గరికి వెళ్ళండి. ఈసారి స్విచ్ పిల్లల చేతికివ్వండి.